తొమ్మిదింటికి రాసిన పుస్తకం

మార్చి 6

తనిఖీ అక్కకి,

నీ చీమ నమస్కారాలు. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా చీమనేనా అని నీ మరదలు నవ్వుతోంది. చిన్నప్పుడు పంచదార డబ్బా ఎక్కడ దాచినా కనిపెట్టేవాణ్ణని మీరంతా కలిసి పెట్టిన పేరు, ఇప్పుడు మార్చుకోమంటే ఎలా?

నీ వాచీ అందింది. దూదిలో చుట్టి, గుడ్డలో కట్టి, అట్టపెట్టెలో పెట్టి, పసిబిడ్డని పంపినట్టు పంపావు. దానికేమీ కాలేదు, లోపల నూనె ఎండిపోయి జిగురులా అయింది, అంతే. అయినా వెంటనే పంపను. నేను బాగుచేసిన ఏ వాచీనైనా ఎనిమిది రోజులు కొట్లో గోడకి తగిలిస్తాను. రోజూ పొద్దున తొమ్మిదింటికి రేడియోలో గంట కొట్టగానే ఒక్కొక్కదాన్నీ చూసి, ఎన్ని సెకన్లు ముందుకెళ్ళింది, ఎన్ని వెనకబడింది పుస్తకంలో రాస్తాను. ఎనిమిది రోజులూ బుద్ధిగా నడిస్తేనే గడప దాటనిస్తాను. తనిఖీ నీ ఒక్కదాని సొత్తేమీ కాదు.

కాకపోతే నీ వాచీ విప్పాక మళ్ళీ మూసేశాను. భూతద్దం పెట్టుకున్నా స్ప్రింగు మసకగా కనిపిస్తోంది. రోజూ ఇంతే కాదు, ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు నీళ్ళలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. పైగా ఒకటే దాహం. కూజా ఒకటి చాలక రెండోది తెచ్చుకున్నాను. తాగినదంతా నిలవాలి కదా, నిలవదు. మా నాలుగు కొట్లకీ కలిపి వెనకాల ఒకటే మరుగుదొడ్డి. పక్క కొట్టు దర్జీ, నీ కొట్టు ఇక్కడా కాపురం అక్కడా అని ఏడిపిస్తున్నాడు. బెల్టుకి రెండు కొత్త బెజ్జాలు నేనే పొడుచుకున్నాను.

వీధి చివరి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఎండలు మొదలయ్యాయి, దాహం వెయ్యకపోతే రండి, వేస్తే ఎందుకు రావడం అన్నారు. కళ్ళకి కళ్ళజోడు మార్చమన్నారు. మార్చాను. బావగారిని అడిగినట్టు చెప్పు.

నీ
చీమ


మార్చి 17

ఒరేయ్ చీమా,

వాచీ సంగతి తర్వాత. చలికాలం నుంచీ నీకు దాహం వేస్తోందని నా మరదలు క్రితం ఉత్తరంలోనే రాసింది. చలికాలానికి ఎండలెక్కడివి? మళ్ళీ వెళ్ళి మూత్రం పరీక్ష చెయ్యమని అడుగు. ఆయన నవ్వితే నవ్వనీ. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, పెద్దవాళ్ళు ఒక మాట అనగానే తల ఊపి బయటికొచ్చేస్తావు. వీధిలోకొచ్చాక గాని నీకు అడగాల్సింది గుర్తురాదు.

నా సంగతి చెప్తాను విను. మొన్న ఒక బడికి తనిఖీకి వెళ్ళాను. హాజరు పుస్తకం తెరిస్తే అద్దంలా ఉంది. నెలంతా ఒకే సిరా, ఒకే ఒత్తిడి, ఒక్క కొట్టివేత లేదు. మాస్టారూ, ఈ నెలలో మీకు ఒక్కరోజైనా జలుబు చెయ్యలేదా అని అడిగాను. ఆయన ముఖం పాలిపోయింది. నెలరోజుల హాజరూ ఒక్క పూట కూర్చుని వేసేశాడు పాపం. నిజమైన రోజులు అలా ఉండవురా. ఒకరోజు సిరా కారుతుంది, ఒకరోజు పెన్ను మారుతుంది, ఒకరోజు టీ ఒలుకుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, పేజీ తిప్పితే చాలు, నాకు తెలిసిపోతుంది. మా ఆఫీసులో నా కళ్ళంటే హడల్. మీ బావ మాత్రం, నేను జీతం తెచ్చే పోలీసునంటారు.

పరీక్ష చేయించుకుని జవాబు రాయి. రాయకపోతే నేనే బయల్దేరి వస్తాను.

మీ అక్క


ఏప్రిల్ 9

తనిఖీ అక్కకి,

నువ్వు గెలిచావు. మూడుసార్లు వెళ్ళాల్సి వచ్చింది. మొదటిసారి ఎండలన్నారు. రెండోసారి, రోజంతా వంగి కూర్చుంటే నీరసం రాక ఏమొస్తుంది, సాయంత్రం నడవండి అన్నారు. పరీక్ష మాటెత్తితే, మీరు బక్కమనిషి, మీ ఇంట్లో ఎవరికీ లేదు, అనవసరంగా భయపడకండి అన్నారు. మూడోసారి ఆయన ఎదురుగా లేవబోయి బల్ల పట్టుకున్నాను. అప్పుడు రాసిచ్చారు. పరీక్ష చేసిన అమ్మాయి నమ్మలేక ఇంకోసారి చేసి చూసిందట.

షుగరు అక్కా. చిన్నదేమీ కాదు, బాగా ఉంది.

నవ్వొస్తోంది. చీమ అని పేరు పెట్టినప్పుడు మీకెవరికైనా ఈ ముక్క తోచిందా? నీ మరదలు మాత్రం నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. పాప వచ్చి, నాన్నా నీకు ఇంక పుట్టినరోజు కేకు ఉండదా అని అడిగింది. నీ పుట్టినరోజుకి నువ్వు తిను, నేను కోసిపెడతాను అన్నాను.

పొద్దునొకటి, సాయంత్రమొకటి మాత్ర. పంచదార, బెల్లం, పండ్లు, మిఠాయిలు అన్నీ బంద్. ఏం తిన్నా రాసి తెమ్మన్నారు డాక్టరుగారు. రాయడం నాకొక లెక్కా? కొత్త పుస్తకం కొన్నాను. మాత్రలు మొదలయ్యాయి కాబట్టి కళ్ళు కూడా కుదుటపడతాయన్నారు. అప్పుడు నీ వాచీ పట్టుకుంటాను.

నీ
చీమ


ఏప్రిల్ 20

చిట్టి తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ఆఫీసులోనే ఏడ్చాను. ఎదురు బల్ల ఆయన తపాలా తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు, నన్నలా ఎప్పుడూ చూడలేదు కదా. అమ్మ లేదు కాబట్టి అమ్మ మాట కూడా నేనే చెప్తున్నాను. నోరు కట్టుకో. నీ నాలుక నాకు తెలుసు. వంటింటి గూట్లో బెల్లం మాయమైనప్పుడు అమ్మ అడిగితే, ఎంత అమాయకంగా నిలబడి నాకు తెలియదన్నావో నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. మూతి చుట్టూ బెల్లం ఉంది, తెలియదంటున్నావు. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడలా చేస్తే నవ్వేవాళ్ళెవరూ లేరు.

నా మరదలికి కూడా రాశాను, ఇంట్లో తీపన్నది కనబడకుండా చెయ్యమని. కోపం తెచ్చుకోకు. మాకు నువ్వు కావాలి.

మీ అక్క


మే 28

అక్కకి,

జవాబు ఆలస్యమైంది. చేత్తో పెన్ను పట్టుకుంటే పావుగంటకే అలసట వస్తోంది.

మాత్రలు నెల వేసుకున్నాను, తగ్గలేదు. రెట్టింపు చేశారు, ఇంకా పెరిగింది. అరవై ఆరు కిలోలుండేవాణ్ణి, ఇప్పుడు యాభై ఒకటి. మొన్న వెళ్తే డాక్టరుగారు మాత్రల సీసా బల్ల మీద పెట్టి, ఇవి పనిచేస్తాయండీ, మీరే చెయ్యనివ్వడం లేదు అన్నారు. నేను పుస్తకం ఇచ్చాను. యాభై రోజులది, పొద్దున తాగిన మజ్జిగ నుంచి రాత్రి తిన్న అన్నం దాకా, కప్పులతో సహా. రెండు పేజీలు తిప్పి మూసేసి, చక్కగా రాశారు అని తిరిగిచ్చారు. ఆయన ఆ మాట అన్న తీరు నాకు అర్థమైంది.

ఇన్సులిన్ ఇంజెక్షన్ల గురించి అడిగాను. అది చిన్నపిల్లలకి వచ్చే రకానికట. నా వయసువాళ్ళకి మాత్రలూ నోటి అదుపూ చాలట. పెద్దాసుపత్రికి పంపమంటే ఒక కవరు అంటించి ఇచ్చారు. అక్కడి పెద్ద డాక్టరు నా ముఖం చూడకముందే ఆ కవరు చదివాడు. ఆయన బల్ల మీద పెట్టినప్పుడు తలకిందులుగా నేనూ చదివాను. వాచీ పనివాణ్ణి కదా, తలకిందులైనా చదవగలను. ‘పథ్యం చెయ్యడు, చేస్తున్నానని చెప్తాడు’ అని ఉంది. పెద్దాయన రెండు నిమిషాలు మాట్లాడి, ముందు నిజంగా పథ్యం చేసి జూన్ 27న రండి అన్నాడు.

ఇంట్లో అలమరకి తాళం పడింది. నేను కొట్టు నుంచి రాగానే నీ మరదలు ఉతకడానికని చొక్కా తీసుకుని జేబులు వెతుకుతుంది, నాకు తెలియదా?

అక్కా, నేను తినలేదు. ఒక్క పలుకు తినలేదు. ఇదొక్కటి నువ్వు నమ్మితే చాలు. అందుకే పుస్తకం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నువ్వు పుస్తకాలు తనిఖీ చేసేదానివి. చూసి, ఇది నిజమని చివర రాసి, నీ హోదా వేసి సంతకం పెట్టి పంపు. నా మాట నమ్మనివాళ్ళు నీ సంతకం నమ్ముతారు. 27న అది తీసుకుని వెళ్తాను.

నీ
చీమ


జూన్ 7

తమ్ముడికి,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మెత్తగా రాయడం నాకు చేతకావడం లేదు, ఉన్నదున్నట్టు రాస్తాను.

నీ పుస్తకం మొత్తం చూశాను. ఒకే సిరా. ఒకే ఒత్తిడి. యాభై రోజుల్లో ఒక్క కొట్టివేత లేదు, ఒక్క మరక లేదు, ఒక్క రోజైనా అక్షరం వంకర పోలేదు. జబ్బుతో పెన్ను పట్టుకోలేకపోతున్నానని రాసిన మనిషి రాసిన పుస్తకమా ఇది? ఎవరి దగ్గరికి తెచ్చావురా దీన్ని? ఊరందరి దొంగ పుస్తకాలు పట్టుకునే నీ అక్క దగ్గరికా? ఇది రోజూ రాసింది కాదు. ఒకటి రెండు పూటలు కూర్చుని రాసింది.

ఇంకోటి కూడా చెప్తాను. నా మరదలు రాసింది. రెండు వారాలుగా నీ దగ్గర పండిన పండు వాసన వస్తోందట. పాప ఒళ్ళో కూర్చుని, నాన్నా ఏం పండు తిన్నావు, నాకు పెట్టవా అని అడిగిందట. పిల్ల అబద్ధం చెప్పదు కదా. నీ భార్య కొట్టుకి వెళ్ళి సొరుగులన్నీ వెతికి, ఏమీ దొరక్క, ఇంటికొచ్చి ఏడ్చి నాకు రాసుకుంది. అంత జబ్బులో పండ్లు దాచుకుని తింటున్నావంటే నీ మీద నాకు కోపం కాదురా, భయం.

సంతకం పెట్టను. పెడితే నిన్ను నేను చంపినట్టు. నా సంతకం చూసి ఆ పెద్ద డాక్టరు పథ్యం బాగుందనుకుని మందు మారుస్తాడు, నువ్వు తింటూనే ఉంటావు. పుస్తకం తిప్పి పంపుతున్నాను. తిన్నది తిన్నట్టు రాసిన పుస్తకం, మరకలతో, కొట్టివేతలతో, ఎప్పుడు పంపితే అప్పుడు కళ్ళకద్దుకుని సంతకం పెడతాను.

మీ అక్క


జూన్ 15

అక్కయ్యకి,

పుస్తకం చేరింది.

దాని గురించి ఒకటే రాస్తాను. గోడ మీది వాచీల లెక్క రాసుకునే కుర్చీలోనే కూర్చుని, ఆ పెన్నుతోనే, తొమ్మిదింటి గంట కొట్టగానే ముందు వాచీలవి, తర్వాత క్రితంరోజు తిన్నవి రాశాను. పొద్దునపూట చెయ్యి కాస్త నిలకడగా ఉంటుంది. నా పుస్తకాలన్నీ అలాగే ఉంటాయి. నువ్వు ఎప్పుడూ చూడలేదు, చూడాల్సిన అవసరం రాలేదు.

వాసన సంగతి నాకు తెలియదు. నా ముక్కుకి రావడం లేదు. పండు తిని రెండు నెలలు దాటింది. పాప అడిగినప్పుడు లేదమ్మా అన్నాను. అది నమ్మింది.

నీ వాచీ నిన్న పూర్తిచేశాను. మసక లేని గంట చూసుకుని రోజుకింత చొప్పున చేశాను. ఎల్లుండి 17న గోడకి తగిలిస్తాను. 24కి ఎనిమిది రోజులవుతాయి.

27న పెద్దాసుపత్రికి నాతో వస్తావా? సంతకం వద్దు, పుస్తకం కూడా తీసుకురాను. నువ్వు ఊరికే నా పక్క కుర్చీలో కూర్చో. ఒక్కణ్ణే వెళ్తే నా కన్నా ముందు ఆ కవరు మాట్లాడుతోంది. మెట్లు ఎక్కితే ఊపిరి అందడం లేదు, కొంచెం ముందుగా బయల్దేరాలి.

జవాబు రాయి.

తమ్ముడు


జూలై 12

చీమా,

నీ జూన్ 15 ఉత్తరానికి జవాబు రాస్తున్నాను. జవాబు వెళ్ళని కాగితాన్ని మా ఆఫీసులో కట్ట కట్టనివ్వరు. నాకూ ఈ ఉత్తరాన్ని మడిచి పెట్టడం చేతకావడం లేదు.

అది 18న నాకు అందింది. అదే రోజు రాసి ఉండాల్సింది. చీమ అని సంతకం లేదు, తనిఖీ అక్క అని లేదు, అలిగాడు అనుకున్నాను. నాలుగు రోజులు అలగనిస్తే దారికొస్తాడు, 27కి ఎలాగూ వెళ్తాను కదా అనుకున్నాను. వస్తానని ఒక్క ముక్క రాయడానికి ఎంతసేపు? రాయలేదు. 21న నువ్వు కొట్లో పడిపోయావు. దర్జీ, ఇంకో ఇద్దరూ కలిసి నిన్ను ఆసుపత్రికి మోసుకెళ్ళారు. కబురందుకుని 22 సాయంత్రానికి వచ్చాను. నీకు తెలివి లేదు. పెద్దపెద్ద ఊపిరులు తీస్తున్నావు. నీ మీదికి వంగితే నాకూ ఆ పండు వాసన వచ్చింది.

అక్కడొక డాక్టరమ్మ ఉంది, మన పాప కన్నా ఓ పదిహేనేళ్ళు పెద్దదేమో. ఇన్సులిన్ ఎక్కిస్తూనే ఉంది, కానీ ఆలస్యమైపోయిందని నాతో దాచకుండా చెప్పింది. ఇన్నాళ్ళూ ఏం వాడారని అడిగితే నేను నీ మీద చాడీ చెప్పాను. ఆ స్థితిలో కూడా. పథ్యం చెయ్యలేదమ్మా, పండ్లు తినేవాడు, వాసన కూడా వచ్చేది అన్నాను. ఆమె రాస్తున్నది ఆపి నా వైపు చూసింది.

“అది పండు వాసన కాదండీ. ఒంట్లో ఇన్సులిన్ బొత్తిగా లేకపోతే కొవ్వు కరిగి ఊపిరిలో అలా వస్తుంది. ఈయనకి పిల్లలకొచ్చే రకమే పెద్దయ్యాక వచ్చింది. తిన్నా తినకపోయినా మాత్రలతో తగ్గేది కాదు. పైగా ఇంత చిక్కిపోయారంటే, పాపం, చెప్పిన పథ్యమంతా చేసే ఉంటారు.”

నీ చెయ్యి పట్టుకుని చెప్పాను, నువ్వు తినలేదట్రా అని. రెండుసార్లు చెప్పాను. నువ్వు వినలేదు. 23 తెల్లారాక పోయావు.

నా మరదలి సంగతి నీకు చెప్పాలి. అలమర తాళంచెవి తీసి పెరట్లో విసిరేసింది. మళ్ళీ వెతికి తెచ్చుకుని కొంగున కట్టుకుంది. నా వల్ల అనుమానపడిందని ఆమె అనదు, కానీ మొదట తీపి దాచెయ్యమని రాసింది నేనే. పాప మాత్రం నన్ను అడిగింది, అత్తయ్యా, నాన్న పండు తినలేదని నాకు చెప్పాడు కదా, మరి మీరందరూ ఎందుకు వెతికారు అని. ఇరవై రెండేళ్ళుగా నేను మాస్టర్లని ప్రశ్నలడుగుతున్నాను. ఇంత సూటిగా ఒక్కరినీ అడగలేదు.

వీధి చివరి డాక్టరుగారి దగ్గరికీ వెళ్ళాను. అరుద్దామనే వెళ్ళాను. ఆయన తల దించుకుని, అందరూ తినలేదనే చెప్తారండీ, తింటారండీ అన్నాడు. అంతకన్నా నేను చేసిందేముంది? ఆయన నిన్ను నాలుగు నెలల నుంచి ఎరుగును. నేను ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి ఎరుగుదును. అరవకుండానే వచ్చేశాను.

బెల్లం కథలో సగమే నాకు గుర్తుంది చీమా. తెలియదని నువ్వన్నదాకా ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వాను. ఆ సాయంత్రమే దీపం పెట్టే వేళకి నీ అంతట నువ్వు వచ్చి, అమ్మ కొంగు పట్టుకుని, నేనే తిన్నానని ఏడ్చావు. అన్నం కూడా తినలేదు. అబద్ధాన్ని ఒక్క పూట కూడా లోపల ఉంచుకోలేని పిల్లాడివి. ఆ సగం నాకు ఇక్కడికొచ్చాక, నీ కుర్చీలో కూర్చున్నాక గుర్తొచ్చింది.

నీ కొట్టు తీశాను. బాగుచేయడానికిచ్చిన వాళ్ళ వాచీలు వాళ్ళకి అప్పగించాలి కదా. ఇన్నేళ్ళలో ఎన్నడూ లోపలికి రాలేదు నేను, గుమ్మంలో నిలబడి పలకరించి వెళ్ళేదాన్ని. బల్ల వెనక గూట్లో నీ పుస్తకాలున్నాయి. పదిహేడు. అన్నీ తీశాను. పదిహేడేళ్ళ తొమ్మిదింటి లెక్కలు. ఒకే తీరు అక్షరం, ఒక్క కొట్టివేత లేదు, ఒక్క మరక లేదు. పక్కన దర్జీ నిలబడి, ఈయన రాస్తున్నప్పుడు మేం పలకరించేవాళ్ళం కాదమ్మా అన్నాడు. నువ్వు తిన్నవి రాసిన పుస్తకం కూడా వాటి పక్కనే పెట్టి ఉంది. దాని పేజీలూ వాటివీ పక్కపక్కన తెరిచి చూస్తే తేడా తెలియలేదు. నేను దాన్ని తిప్పి పంపాక కూడా నువ్వు రాయడం ఆపలేదు. జూన్ 21 దాకా ఉంది. మరక ఒక్కటి పెడితే సంతకం పెడతానన్నాను కదా, ఒక చుక్క సిరా ఒలికించినా సరిపోయేది. అలా చెయ్యాలని నీకు తోచలేదు.

నా వాచీ గోడకే ఉంది. 17 నుంచి 21 దాకా ఐదు రోజులు రాశావు. రెండు సెకన్లు, రెండు, మూడు, రెండు, రెండు. ఎనిమిది కాలేదు కాబట్టి నేను దాన్ని తీసుకోలేదు. తాళమిచ్చి, రేడియో గంటకి సరిచేసి, మళ్ళీ అక్కడే తగిలించాను. మిగిలిన మూడు రోజులూ నేనే రాశాను. మొన్న, నిన్న, ఇవాళ. పొద్దున్నే వచ్చి నీ కుర్చీలో కూర్చున్నాను, గంట కొట్టగానే నీ పెన్నుతో రాశాను. మొన్న బాగా ఏడ్చి ఉన్నాను. నిన్న తల పగిలిపోతున్నట్టుంది. ఇవాళ చెయ్యి వణుకుతోందనే అనుకున్నాను.

ఇవాళ్టిది రాసి ఆరాక, పుస్తకం కాస్త దూరం జరిపి, బళ్ళో చూసినట్టు చూశాను. ఒకే సిరా, ఒకే ఒత్తిడి. మూడు రోజులవీ ఒక్కసారి కూర్చుని రాసినట్టున్నాయి.

తర్వాత నీ తిండి లెక్కల పుస్తకం దగ్గరికి లాక్కుని, జూన్ 21 కింద నువ్వు అడిగినట్టే రాశాను. హోదా వేశాను. సంతకం పెట్టాను. ఏం రాశానో నీకు తెలియాలి కాబట్టి ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తనిఖీ చేశాను. అంతా నిజం.

మీ అక్క